పారిస్‌లో గది ఎక్కడ తీసుకోవాలి: మెట్రో లైన్లు, మెట్లు, వంటగది లెక్కలు

బుకింగ్ యాప్‌లో పారిస్ అని కొట్టి, ధర తక్కువవి ముందు వచ్చేలా పెట్టుకుంటే పైన కనిపించే హోటళ్లలో చాలావరకు అసలు పారిస్‌లో ఉండవు. పేరులో మాత్రం పారిస్ ఉంటుంది: పారిస్ రువాస్సీ, పారిస్ ఓర్లీ, పారిస్ మార్న్ లా వాలే. మొదటిది షార్ల్ ద గోల్ విమానాశ్రయం పక్క ఊరు. రెండోది ఇంకో విమానాశ్రయం. మూడోది డిస్నీలాండ్ ఉన్న వైపు. శంషాబాద్ లాడ్జీని చార్మినార్ చూడ్డానికి వచ్చినవాళ్లకు అంటగట్టడం లాంటిదే ఇదీ.

దీనికి విరుగుడు పిన్‌కోడ్. పారిస్ నగరం 20 వార్డులు. అరాండిస్మాన్ అంటారు గానీ మనకు వార్డు అనుకుంటే సరిపోతుంది. లూవ్ర్ మ్యూజియం ఉన్న 1వ వార్డు దగ్గర మొదలై, నత్త గుల్లలాగా కుడివైపు తిరుగుతూ 20 దాకా వెళ్తాయి. పిన్‌కోడ్ 75తో మొదలైతేనే అది పారిస్. చివరి రెండంకెలు వార్డు నంబరు. 75012 అంటే 12వ వార్డు. 92, 93, 94తో మొదలయ్యేవి నగరాన్ని చుట్టుకుని ఉన్న శివారు జిల్లాలు. 77, 95 వాటికీ అవతలవి. హోటల్ పేరు చదవకండి, చిరునామాలో ఈ ఐదంకెలు చదవండి.

చౌక గది ఎక్కడ ఖరీదవుతుంది

విమానాశ్రయం పక్కన గది తీసుకుని రోజూ ఊళ్లోకి వెళ్లొద్దామనుకునేవాళ్ల లెక్క ఎక్కడ తప్పుతుందో చూద్దాం. 2025 జనవరి నుంచి పారిస్ ప్రాంతమంతటికీ మెట్రో, లోకల్ రైలు టికెట్ ఒకటే ధర, రెండున్నర యూరోలకు అటూ ఇటూ. ఎంత దూరం వెళ్లినా అంతే. కానీ విమానాశ్రయం స్టేషన్లకు ఇది చెల్లదు. వారం పాసు లేకపోతే అక్కడ ఎక్కినా దిగినా ప్రత్యేక టికెట్ కొనాలి. 2025లో దాని ధర 13 యూరోలు. జనవరి వస్తే కాస్త పెరుగుతూ ఉంటుంది. రువాస్సీలో ఉన్న హోటళ్లు షటిల్ బస్సులో మిమ్మల్ని దింపేది ఆ విమానాశ్రయం స్టేషన్‌లోనే. నలుగురు పెద్దవాళ్లు రోజూ వెళ్లి వస్తే 4 × 2 × 13, అంటే రోజుకు 104 యూరోలు. యూరో వంద రూపాయలనుకున్నా పదివేలు పైమాటే. గదిలో మిగిలిందంతా రైలుకే పోతుంది. పొద్దున్నే విమానం ఉంటే ఆఖరి రాత్రి ఒక్కటీ అక్కడ ఉండటం వేరే సంగతి, అది తెలివైన పనే.

అదే ఒకే ధర టికెట్ వల్ల శివార్లలో మంచి బేరాలూ పుట్టాయి. లా దెఫాన్స్ అనే ఆఫీసుల పేట పారిస్ సరిహద్దు దాటితే వస్తుంది. మెట్రో 1వ లైను, ఆర్‌ఈఆర్ అనే పెద్ద లోకల్ రైళ్ల ఎ లైను రెండూ అక్కడ ఆగుతాయి. అక్కడి హోటళ్లు పనిరోజుల్లో వచ్చే ఉద్యోగులను నమ్ముకుని కట్టినవి కాబట్టి శని, ఆదివారాల్లోనూ ఆగస్టులోనూ ధర దిగుతుంది, గదులూ కాస్త విశాలం. కాకపోతే రాత్రి ఎనిమిది దాటాక ఆ పేట బోసిపోతుంది. భోంచేసి అలా వీధిలో నడిచి రావాలనుకునేవాళ్లకు అది పారిస్‌లా అనిపించదు.

మెట్ల సంగతి

పారిస్ మెట్రో గురించి ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది: ఎక్కువ చోట్ల లిఫ్టులు ఉండవు. మొదటి లైను 1900లో వచ్చింది; చాలా స్టేషన్లలో పైనుంచి ప్లాట్‌ఫాం దాకా మెట్లే, లైను మారాలంటే ఇంకొన్ని మెట్లు, పొడవాటి సొరంగాలు. మొత్తం మెట్రోలో చివరి నుంచి చివరి దాకా మెట్లు ఎక్కకుండా వెళ్లగలిగేది 14వ లైను ఒక్కటే. మిగతా లైన్లలో అక్కడక్కడా లిఫ్టు ఉంటే ఉంది. ఆర్‌ఈఆర్ స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులున్నాయి. సిటీ బస్సులు నేలకు దగ్గరగా ఉంటాయి, తోపుడు బండిలో పిల్లను కూర్చోబెట్టి ఎక్కించొచ్చు.

మన కుటుంబాలు ఎలా వెళ్తాయో తెలిసిందే. మనిషికి 23 కిలోల పెట్టె, చేతిలో ఇంకో సంచి, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు. ఇలాంటి బృందానికి ఐఫిల్ టవర్ నుంచి హోటల్ ఎంత దూరమన్నది అసలు ప్రశ్నే కాదు. విమానాశ్రయం నుంచి హోటల్ దాకా ఎన్ని మెట్లు ఉన్నాయి, ఎన్నిసార్లు రైలు మారాలి అన్నదే ప్రశ్న. ఐఫిల్ టవర్ ఎక్కేది ఒక్కసారి. హోటల్‌కు రోజూ రెండుసార్లు వస్తాం.

ఆ లెక్కన చూస్తే మొదటిసారి వెళ్లే తెలుగు కుటుంబానికి 12వ వార్డులో గార్ ద లియోన్ రైల్వే స్టేషన్, బెర్సీ చుట్టుపక్కలను మించిన చోటు తక్కువ. కారణాలు ఇవి. గార్ ద లియోన్‌లో 14వ లైను ఉంది. లూవ్ర్‌కు, షాంజ్ ఎలీజే రోడ్డుకు నేరుగా తీసుకెళ్లే 1వ లైను ఉంది. ఆర్‌ఈఆర్ ఎ ఎక్కితే మారే పని లేకుండా డిస్నీలాండ్ గేటు ముందు దిగుతారు. షార్ల్ ద గోల్ నుంచి వచ్చేటప్పుడు ఆర్‌ఈఆర్ బి ఎక్కి, షాత్లే లే ఆల్ స్టేషన్‌లో ఎ లైనుకు మారితే తర్వాతి స్టేషనే గార్ ద లియోన్. ఓర్లీలో దిగితే ఇంకా సుఖం: 2024 జూన్‌లో 14వ లైనును అక్కడిదాకా పొడిగించారు. అన్నిటికీ మించి, మనవాళ్లు పారిస్ తర్వాత వెళ్లేది ఎక్కువగా స్విట్జర్లాండ్‌కే. జెనీవా, లోజాన్, బాజల్, జూరిక్‌లకు వెళ్లే టీజీవీ లిరియా అనే హైస్పీడ్ రైళ్లు బయల్దేరేది ఈ స్టేషన్ నుంచే. పొద్దున్నే పెట్టెలు దొర్లించుకుంటూ నడిచి వెళ్లి రైలెక్కొచ్చు.

అదే 14వ లైను మీద ఇంకా దక్షిణాన 13వ వార్డులో ఒలింపియాద్ స్టేషన్ ఉంది. అది చైనా, వియత్నాం వాళ్ల పేట. బియ్యం, కొత్తిమీర, పచ్చిమిర్చి, కొబ్బరి పాలు దొరికే తాంగ్ ఫ్రేర్ అనే పెద్ద సరుకుల దుకాణం అవెన్యూ దివ్రీలో ఉంది. ఉత్తరాన 17వ వార్డులో పోన్ కార్దినే స్టేషన్ దగ్గర బాతిన్యోల్ పేట. టూరిస్టుల తాకిడి తక్కువ, పిల్లలు ఆడుకోవడానికి పార్కు ఉంది. 14వ లైను మ్యాపు ముందు పెట్టుకుని స్టేషన్ నుంచి 500 మీటర్ల లోపు హోటళ్లు వెతకడం, యాప్ చెప్పే 'సిటీ సెంటర్ నుంచి దూరం' కన్నా వెయ్యి రెట్లు నయం.

అన్నం కోసం గార్ దు నోర్

ఇండియన్ ఫుడ్ దగ్గర్లో ఉండాలి అనేవాళ్లందరికీ ట్రావెల్ ఏజెంట్లు చూపించేది 10వ వార్డులో గార్ దు నోర్ స్టేషన్. ఆ మాటలో నిజముంది. స్టేషన్ నుంచి లా షాపెల్ మెట్రో వైపు వెళ్లే ఫోబూర్ సాన్ దెనీ వీధి పై భాగం, దాన్ని కలిసే కాయ్ వీధి శ్రీలంక తమిళుల పేట. 1983 తర్వాత యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చినవాళ్లు ఇక్కడ కొట్లు పెట్టుకున్నారు. ఇడ్లీ, దోసె, కొత్తు పరోటా, అరటాకు, మునక్కాయ, కరివేపాకు, పట్టుచీరలు, బంగారం కొట్లు అన్నీ రెండు మూడు వందల మీటర్లలో. శరవణ భవన్ శాఖ కూడా ఈ వీధిలోనే. కొంచెం నడిస్తే 18వ వార్డులో పాజోల్ వీధిలో మాణిక్క వినాయకర్ ఆలయం ఉంది. ఏటా ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో ఆ వినాయకుడి రథం పారిస్ వీధుల్లో ఊరేగుతుంది, రోడ్డు మీద కొబ్బరికాయలు కొట్టడం కళ్లారా చూడొచ్చు. ఇంకాస్త దక్షిణాన పాసాజ్ బ్రాదీ అనే కప్పున్న సందులో ఉత్తరాది, పాకిస్తానీ హోటళ్లున్నాయి, బయట నిలబడి చెయ్యి పట్టుకుని లోపలికి పిలుస్తారు. తమిళ కొట్లతో పోలిస్తే రుచి విషయంలో వాటి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇక రెండో వైపు. గార్ దు నోర్ జనసమ్మర్దం ఉన్న స్టేషన్. విమానాశ్రయం రైలు దిగి, పెట్టెలతో దిక్కులు చూసేవాళ్ల కోసం జేబుదొంగలు కాచుకుని ఉంటారు. పాస్‌పోర్టులన్నీ ఒకే హ్యాండ్‌బ్యాగులో పెట్టి ఒకరి భుజాన వేయడం మనకు అలవాటు. ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. స్టేషన్‌కు ఉత్తరంగా, తూర్పుగా లా షాపెల్, స్టాలిన్‌గ్రాద్ వైపు రాత్రిపూట వీధులు చిరాగ్గా ఉంటాయి. ప్రాణభయం అనలేం గానీ, ఆడవాళ్లు ఒంటరిగా పదింటికి తిరిగి రావడానికి హాయిగా ఉండదు. లండన్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డాం వెళ్లే యూరోస్టార్ ఇక్కణ్నుంచే కాబట్టి, మర్నాడు పొద్దున్నే ఆ రైలు పట్టుకునేవాళ్లకు ఒక రాత్రి బస సబబే. మిగతావాళ్లు ఇంకో చోట ఉండి ఇడ్లీ కోసం ఇక్కడికి రావచ్చు. గార్ ద లియోన్ నుంచి ఆర్‌ఈఆర్ డి ఎక్కితే రెండో స్టేషనే.

మిగతా పేటల గురించి క్లుప్తంగా. ఐఫిల్ టవర్ ఉన్న 7వ వార్డు అందంగా ఉంటుంది, ధరా అలాగే ఉంటుంది, సాయంత్రం సద్దుమణిగిపోతుంది. దాని పక్కన 15వ వార్డు మామూలు సంసారాల పేట, డబ్బుకు తగ్గ గది దొరుకుతుంది. లాటిన్ క్వార్టర్ అయిన 5వ వార్డుకు షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి ఆర్‌ఈఆర్ బి నేరుగా వస్తుంది, కొత్తగా పెళ్లయినవాళ్లకు బాగుంటుంది. మోన్‌మార్త్ర ఫొటోల్లో చూసి మనసుపడే కొండ. అక్కడి అబెస్ మెట్రో స్టేషన్ భూమికి 36 మీటర్ల లోతులో ఉంది, వీధులన్నీ మెట్లమయం. పెద్దవాళ్లను తీసుకెళ్తే ఆ కొండ మీద గది తీసుకోవద్దు.

గది అంటే ఎంత

ఫ్రాన్స్‌లో హోటల్ నక్షత్రాలకు ప్రభుత్వ కొలతలున్నాయి. ఇద్దరుండే గది బాత్‌రూమ్‌తో కలిపి మూడు నక్షత్రాలైతే కనీసం 13.5 చదరపు మీటర్లు, నాలుగైతే 16, ఐదైతే 24. చదరపు అడుగుల్లో మూడు నక్షత్రాల గది 145. రెండు పెద్ద పెట్టెలు తెరిచి పెడితే నడవడానికి దారి ఉండదు. డబుల్ బెడ్ అన్నది చాలాచోట్ల 140 సెంటీమీటర్ల వెడల్పు మంచం. మనింట్లో క్వీన్ సైజు కన్నా చిన్నది. పిల్లను మధ్యలో పడుకోబెట్టుకుందాం అంటే కుదరదు. ఇంకో చిక్కు, అగ్నిమాపక నిబంధనల వల్ల గదికి ఇంతమంది అని రాసి ఉంటే అంతమందే. ముగ్గురికి బుక్ చేసి నలుగురు వెళ్తే 'ఒక పరుపు వేయండి' అన్న మాట చెల్లదు, ఇంకో గది కొనిపిస్తారు. పిల్లల వయసులతో సహా ముందే నమోదు చేయాలి. రెండు గదులు తీసుకుంటే లోపల తలుపుతో కలిసి ఉన్న గదులా, వేరే అంతస్తుల్లో వస్తాయా అని హోటల్‌కు మెయిల్ రాసి అడగాలి.

పాత భవనాల్లో లిఫ్టు ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఎంత ఉందన్నది రెండోది. మెట్ల మధ్య ఇరుకు జాగాలో తర్వాత ఇరికించిన లిఫ్టులో ఒక మనిషి, ఒక పెట్టె పడితే గొప్ప. ప్రకటనలో ఫ్రెంచి మాట 'సాన్ అసాన్‌సర్' అని కనబడితే లిఫ్టు లేదని అర్థం. ఏసీ కూడా అంతే. మన వేసవి సెలవుల్లో వెళ్తే, చల్లటి దేశం కదా అని ఏసీ సంగతి చూడకుండా బుక్ చేస్తారు. 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదయ్యాయి. ఆ ఇళ్లు చలికి కట్టినవి, సీలింగ్ ఫ్యాను ఉండదు. జింకు రేకు కప్పు కింద ఆఖరి అంతస్తు గదిలో ఎండ కాచే రోజున నిద్ర పట్టదు. 'క్లిమాటిజాసియోన్' అంటే ఏసీ. 'వాంతిలాతర్' అంటే టేబుల్ ఫ్యాను. రెండింటికీ ఉన్న తేడా జూన్‌లో తెలుస్తుంది. మరుగుదొడ్లో నీళ్ల పైపు దాదాపు ఎక్కడా ఉండదు, చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో వేసుకోండి.

వంట చేసుకునేవాళ్లకు

పిల్లలున్నా, బయటి తిండి పడని పెద్దవాళ్లున్నా అపార్ట్‌హోటల్ మంచిది. సితదీన్, అదాజియో పేర్లతో ఊరంతా ఉన్నాయి. రిసెప్షన్ ఉంటుంది, గదిలో రెండు పొయ్యిల వంటమూల, చిన్న ఫ్రిజ్, గిన్నెలు ఉంటాయి. పొయ్యి చాలాచోట్ల ఇండక్షన్. ఇక్కడినుంచి మోసుకెళ్లిన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు, అడుగు అయస్కాంతానికి అంటుకునే గిన్నెలే పనిచేస్తాయి. చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ మేలు: అక్కడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, మూడు పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ ఉంటే చాలు. మామూలు హోటల్ గదిలో మాత్రం వండకూడదు. ఎండుమిర్చి పోపు పొగకు అలారం మోగితే అంతస్తంతా బయటికి రావాలి. వంటమూల ఉన్న గదిలోనూ పోపు ఇంట్లోనే వేసి పొడుల రూపంలో తెచ్చుకోవడం క్షేమం.

ఏం తీసుకెళ్లొచ్చన్న దాంట్లో చాలామంది పొరబడతారు. యూరోపియన్ యూనియన్‌లోకి మన దేశం నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. నెయ్యి, పన్నీరు, చికెన్ పచ్చడి కస్టమ్స్ వాళ్లు చూస్తే చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకుకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి వదిలేయండి. ఆవకాయ, కందిపొడి, పులిహోర పేస్టుకు ఇబ్బంది లేదు. పెరుగన్నానికి ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా 'యవూర్ నాత్యుర్' అని రాసిన కప్పు కొనండి. అది తియ్యదనం లేని పెరుగే.

ప్రైవేటు వ్యక్తుల ఫ్లాట్లు అద్దెకు తీసుకునేటప్పుడు ప్రకటనలో 13 అక్షరాలూ అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. తాము కాపురం ఉండే ఇంటిని ఏడాదికి 90 రోజులకు మించి టూరిస్టులకు ఇవ్వకూడదని పారిస్‌లో 2025 నుంచి నిబంధన. నంబరు లేని ఫ్లాటు నిలబడుతుందన్న భరోసా లేదు, ఆఖరి వారంలో రద్దయితే వీసా కాగితాలతో సహా మొత్తం కదిలిపోతుంది. ఫ్లాటులో రిసెప్షన్ ఉండదు కాబట్టి పొద్దున్న ఆరింటికి విమానం దిగి, మూడింటికి తాళం వచ్చేదాకా పెట్టెలు ఎక్కడ పెట్టాలో ముందే చూసుకోవాలి. హోటళ్లలో పెట్టెలు ఉచితంగా దాస్తారు.

బిల్లులో తర్వాత కనబడేవి

యాప్‌లో చూపిన ధరకు స్థానిక బస పన్ను కలిసి ఉండకపోవచ్చు. దాన్ని గదికి కాకుండా తలకు, రాత్రికి లెక్కగడతారు. మూడు నక్షత్రాల హోటల్‌లో మనిషికి రాత్రికి 5 యూరోల పైన, నాలుగు నక్షత్రాలకు 8 పైన. 18 ఏళ్ల లోపు వాళ్లకు లేదు. నలుగురు పెద్దవాళ్లు ఐదు రాత్రులుంటే మూడు నక్షత్రాలకే 100 యూరోలు దాటుతుంది. కార్డు గీసేటప్పుడు మెషిన్ రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా అని అడుగుతుంది. రూపాయలు అంటే వాళ్లు వేసే మారకం రేటు మనకు నష్టం, యూరోలే నొక్కండి. ఐఫిల్ టవర్ టికెట్లకు 2024 నుంచి యూపీఐ తీసుకుంటున్నారు గానీ, దాన్ని నమ్ముకుని హోటల్‌కు వెళ్లకండి.

వారం తేదీలు మీ చేతిలో ఉంటే సోమవారమో మంగళవారమో దిగేలా చూసుకోండి. మెట్రో, లోకల్ రైళ్లకు చెల్లే నవిగో వారం పాసు సోమవారం నుంచి ఆదివారం దాకానే చెల్లుతుంది, సుమారు 32 యూరోలు, విమానాశ్రయం ప్రయాణం అందులోనే. శుక్రవారం దిగినవాళ్లకు అది దండగ. మే చివర, జూన్ మొదట్లో రోలాన్ గారోస్ టెన్నిస్, బేసి సంవత్సరాల జూన్‌లో ల బుర్జే విమాన ప్రదర్శన. ఆ రోజుల్లో గదుల ధరలు ఎగబాకుతాయి. మన బడుల సెలవులూ అప్పుడే.

ఇక వీసా. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌తో సహా యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాకు ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో కాగితం చూపాలి, అందులో ప్రయాణించే అందరి పేర్లూ ఉండాలి. ఒక్కరి పేరుతో గది తీసుకుంటే మిగతావాళ్ల పేర్లు చేర్చమని హోటల్‌కు రాసి కొత్త కాగితం తెప్పించుకోండి. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే దరఖాస్తు. సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. పారిస్‌లో మూడు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో నాలుగు బుక్ చేసి ఫ్రాన్స్ వీసా అడిగితే వెనక్కి పంపుతారు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఒక్కోసారి 45 దాకా పట్టొచ్చు కాబట్టి ఆ గడువు దాటాక కూడా ఉచితంగా రద్దు చేసుకోగలిగే గదే తీసుకోవాలి. వీసా వచ్చాక అన్నీ రద్దుచేసి గాల్లో బయల్దేరడం మాత్రం వద్దు, సరిహద్దు అధికారి బస కాగితం అడగొచ్చు.

కొడుకో కూతురో అక్కడ ఉంటే హోటల్ అక్కర్లేదుగా అనుకుంటారు. ఉత్తరం రాసిస్తే చాలదు. ఇల్లు ఇచ్చేవాళ్లు తమ ప్రాంత మునిసిపాలిటీ ఆఫీసులో 'అతెస్తాసియోన్ దక్యై' అనే ఆతిథ్య పత్రం తీసుకోవాలి. దానికి 30 యూరోల స్టాంపు, ఇంటి అద్దె కాగితం, జీతం చీటీలు, వచ్చేవాళ్ల పాస్‌పోర్టు వివరాలు కావాలి. అద్దె ఫ్లాటు చిన్నదైతే ఇంతమందికి చోటు లేదని తిరస్కరించొచ్చు. పత్రం చేతికి రావడానికి నెల పట్టొచ్చు, అసలు పత్రమే కొరియర్‌లో ఇండియాకు రావాలి. మే నెలలో ప్రయాణమైతే ఆ పని సంక్రాంతి అయిన వెంటనే మొదలుపెట్టించండి.